సుబ్రత మిత్ర 'బౌన్స్ లైటింగ్': 'అపరాజితో'లో ఆయన నిజంగా చేసిందేమిటి?

ప్రశ్న

నమస్కారం. నేను ఛాయాగ్రహణం నేర్చుకుంటున్నాను. మన దేశపు నలుపు తెలుపు చిత్రాలలో వెలుగును ఎలా వాడారో తెలుసుకోవాలని 1950ల నాటి సినిమాలను వరుసగా చూస్తున్నాను. సత్యజిత్ రాయ్ 'అపరాజితో' 1956 అక్టోబరులో విడుదలైంది. గురుదత్ 'ప్యాసా' 1957 ఫిబ్రవరిలోనూ, కె.వి. రెడ్డి గారి 'మాయాబజార్' అదే ఏడాది మార్చిలోనూ వచ్చాయి. అంటే ఆరు నెలలు తిరగకుండానే కలకత్తాలో సుబ్రత మిత్ర, బొంబాయిలో వి.కె. మూర్తి, మద్రాసులో మార్కస్ బార్ట్లీ తీసిన మూడు చిత్రాలు ప్రేక్షకుల ముందుకు వచ్చాయి. ఈ మూడింటిలో వెలుగు ఒకదానితో మరొకటి పోలికే లేనట్టుగా ఉంది. ఒకే కాలంలో, ఇంచుమించు ఒకే రకం పరికరాలతో, ఇంత తేడా ఎలా సాధ్యమైందన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

నా సందేహాలు ముఖ్యంగా సుబ్రత మిత్ర గురించి. 'బౌన్స్ లైటింగ్'ను ప్రపంచంలో మొదట వాడింది ఆయనేనని చాలా చోట్ల చదివాను. కానీ ఆయన సరిగ్గా ఏం చేశారో, అది అంత గొప్ప విషయం ఎందుకైందో విడమరిచి చెప్పిన వ్యాసం నాకు దొరకలేదు. దీపం వెలుగును నేరుగా మనిషి మీద వేయకుండా తెల్లని గుడ్డ మీద వేసి తిప్పికొట్టడం ఈ రోజు చిన్న లఘుచిత్రం తీసేవారు కూడా చేసే పనే. 1956లో అది ఎందుకంత కష్టమైంది? మొదట చేసింది ఆయనేనన్న మాట ఎంతవరకు నిలుస్తుంది? ఆయన పద్ధతిని మెచ్చుకునేవారిలో కొందరు అంతకు ముందున్న స్టూడియో లైటింగ్ అంతా కృత్రిమమని తీసిపారేస్తున్నారు. మరి బార్ట్లీ గారి పనిని మనం ఏ దృష్టితో చూడాలి? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం

మీరు మూడు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడటం చాలా సంతోషం కలిగించింది. నేను ఫిల్మ్ మీద సినిమాలు తీసిన రోజులలో కెమెరా విభాగంలో సహాయకుడిగా పనిచేసినవాణ్ణి కాబట్టి, పద్ధతికి సంబంధించిన భాగం నేను చెబుతాను.

ముందుగా ఆ సెట్టు ఎందుకు వేయవలసి వచ్చిందో తెలియాలి. 'అపరాజితో' మొదటి సగం కాశీలో జరుగుతుంది. ఘాట్లు, సందులు, గుడి మెట్లు అన్నీ అక్కడికి వెళ్లి తీసినవే. కథానాయకుడు అపు తండ్రి హరిహరుడి కుటుంబం అద్దెకుండే ఇంటి లోపలి భాగాన్ని మాత్రం కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్తా కలకత్తా స్టూడియోలో కట్టారు. పైకప్పు లేని చోట కడితే వానాకాలంలో షూటింగు ఆగిపోతుందన్న భయమే దానికి కారణం. ఈ ఏర్పాటుకు సుబ్రత మిత్ర అభ్యంతరం చెప్పారు. ఆయన అభ్యంతరం సెట్టు కట్టుబడి మీద కాదు, వెలుగు మీద. పాత కాశీ ఇళ్లలో నడుమ ముంగిలి ఉంటుంది, దాని చుట్టూ వసారాలు, గదులు ఉంటాయి. మన మండువా లోగిలి చూసినవారికి ఆ వెలుగు ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. అక్కడ ఎండ నేరుగా పడేది కొద్దిసేపే. మిగిలిన పగలంతా పైన కనిపించే ఆకాశపు ముక్క నుంచి, ఒక దిక్కు అంటూ తేల్చి చెప్పలేని మెత్తని వెలుగు దిగుతుంది. ఆ వెలుగులో మనుషులకు కచ్చితమైన నీడ ఉండదు. స్టూడియో దీపాలతో దాన్ని పుట్టించడం అసాధ్యమన్నది మిత్ర వాదన. బన్సీ, రాయ్ ఇద్దరూ తమ నిర్ణయానికే కట్టుబడటంతో ఆయన దారి వెతుక్కోవలసి వచ్చింది.

ఆనాటి స్టూడియో దీపాలను గుర్తుచేసుకుంటే ఆ అభ్యంతరం ఎంత న్యాయమైనదో తెలుస్తుంది. అవి పెద్ద బల్బు, ముందు గాజు కటకం ఉన్న పెట్టెలు. సెట్టు చుట్టూ ఎత్తున కట్టి, ఒక్కొక్క దాన్నీ నటుల మీదికి గురిపెట్టేవారు. ముఖం మీద ప్రధానమైన వెలుగు ఒకటి, దాని వల్ల పడిన నీడలను తేలిక చేయడానికి రెండవది, జుట్టు అంచు మెరిసి మనిషి వెనుక గోడ నుంచి విడివడి కనిపించడానికి మూడవది, గోడకు వేరుగా మరికొన్ని. ఒక్కొక్క దీపం ఒక్కొక్క నీడను పుట్టిస్తుంది. మనిషి గోడ దగ్గరికి నడిస్తే రెండు మూడు నీడలు వెంట నడుస్తాయి. ప్రేక్షకుడు దాన్ని వేలు పెట్టి చూపించలేకపోయినా, అది ఇల్లు కాదని అతని కన్నుకు తెలిసిపోతుంది. కాశీ సందులో నిజమైన పగటి వెలుగులో నడిచిన అపు, తరువాతి షాట్‌లో గడప దాటి ఇలాంటి సెట్టులో అడుగుపెడితే ఆ అతుకు అక్కడే బయటపడుతుంది. అపు కథలో దీనికి ముందు భాగమైన 'పథేర్ పాంచాలి'లో పగటి దృశ్యాలు చాలావరకు బోరాల్ గ్రామంలో ఆరుబయట తీసినవి కాబట్టి ఈ చిక్కు అంత తీవ్రంగా ఎదురు కాలేదు. 'అపరాజితో'లో మాత్రం తప్పించుకునే వీలు లేకపోయింది.

మిత్ర చేసిందేమిటంటే, ముంగిలి మీద ఆకాశం ఉండవలసిన చోట చట్రానికి బిగించిన తెల్లని గుడ్డను పరిచారు. స్టూడియో దీపాలను నటుల మీదికి కాక, కింది నుంచి ఆ గుడ్డ మీదికి తిప్పారు. గుడ్డ మీద పడిన వెలుగు చెదిరి సెట్టులోకి దిగింది. కెమెరాకు కనిపించని ఆ గుడ్డే కాశీ ఆకాశమైంది.

వెలుగు మెత్తగా ఉందా, పదునుగా ఉందా అనేది దీపం శక్తిని బట్టి ఉండదు. వెలుగు వచ్చే తలం మనిషి ఉన్న చోటు నుంచి చూస్తే ఎంత మేర ఆక్రమించి కనిపిస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మన కంటికి ఆకాశంలో అర డిగ్రీ మేరకే కనిపిస్తాడు, అందుకే ఎండలో నీడ అంచు కత్తిరించినట్టు ఉంటుంది. మబ్బు కమ్మితే ఆకాశమంతా దీపంగా మారుతుంది కనుక నీడ అంచులు కరిగిపోతాయి. మిత్ర పరిచిన గుడ్డ ముంగిలిలో నిలబడినవారికి నిజంగానే తల మీద ఆకాశమంత మేర కనిపిస్తుంది. గుడ్డ పరచవలసిన చోటును ఆయన ఊరికే ఎంచుకోలేదు. అసలు ఇంట్లో వెలుగు ఎక్కడి నుంచి వస్తుందో సరిగ్గా అక్కడే పెట్టారు. ఈ రోజు మనం థర్మాకోల్ పలకను ముఖం పక్కన వీలున్న చోట నిలబెట్టడానికీ, ఆయన చేసినదానికీ తేడా ఇక్కడే ఉంది. మనకు కావలసింది మెత్తదనం, ఆయనకు కావలసింది ఆ ఇంటి వెలుగు.

దీని ఫలితం సెట్టు లోతులలో మరింత బాగా తెలుస్తుంది. పైనుంచి మాత్రమే వెలుగు పడితే కనుగుంటలు నల్లబడి ముఖం కపాలంలా కనిపించాలి. నిజమైన ముంగిలిలో అలా జరగదు, ఎందుకంటే నేల, చుట్టూ ఉన్న గోడలు ఆ వెలుగును అందుకొని మళ్లీ పైకి, పక్కలకు పంచుతాయి. గోడలున్న సెట్టులో తెల్లని ఆకాశం పరిస్తే ఈ పంపకం దానంతట అదే జరుగుతుంది. ముంగిలి నుంచి వసారాలోకి, వసారా నుంచి గదిలోకి వెళ్లేకొద్దీ వెలుగు మెట్టు మెట్టుగా తగ్గుతుంది. ఆ ఇంట్లో అపు తల్లి సర్వజయ గది గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడూ లోపలికి వెళ్లినప్పుడూ ఆమె ముఖం మీద మారే వెలుగును గమనించండి. ఒక్కొక్క చోటుకు ఒక్కొక్క దీపం గురిపెట్టి ఇంత సాఫీగా మార్చడం ఎంతటి నిపుణుడికైనా దాదాపు అసాధ్యం.

ఇక ఎందుకంత కష్టమన్నారు. గుడ్డ మీద పడిన వెలుగు అన్ని దిక్కులకూ చెదురుతుంది, అందులో నటుల దాకా వచ్చేది కొంత భాగమే. ఆనాటి నలుపు తెలుపు నెగటివ్‌ల స్పీడు (వెలుగును పట్టుకునే శక్తి) ఈనాటి కెమెరాలతో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి దీపాలు ఎక్కువ కావాలి, లేదంటే లెన్సు అపర్చర్‌ను (వెలుగు లోపలికి వచ్చే రంధ్రాన్ని) ఎక్కువగా తెరవాలి. అపర్చర్ తెరిచినకొద్దీ ఫోకస్ లోతు తగ్గి, నటుడు అడుగు ముందుకు వేసినా వెనక్కు వేసినా బొమ్మ మసకబారే ప్రమాదం పెరుగుతుంది. పైగా నిర్మాత దృష్టిలో అది దండగ ఖర్చు. ఉన్న వెలుగును చేతులారా పోగొట్టుకుంటున్నట్టు కనిపించే పనికి ఇరవై ఆరేళ్లయినా నిండని కెమెరామన్ పూనుకోవడం, దర్శకుడు దానికి తోడు నిలవడం మామూలు విషయం కాదు.

రెండవ సమాధానం

మొదటి సమాధానంలో పద్ధతిని చాలా స్పష్టంగా చెప్పారు. 'ప్రపంచంలో మొదట' అన్న మాట గురించి, బార్ట్లీ గారి గురించి నా అభిప్రాయం రాస్తాను.

తెల్లని గుడ్డతో వెలుగును మెత్తబరచడం సినిమా పుట్టిన తొలినాళ్ల నుంచీ ఉంది. విద్యుద్దీపాలు స్టూడియోలలో స్థిరపడక ముందు ఎండలోనే సెట్లు వేసి, పైన పలుచని నూలు గుడ్డలు కట్టి, ఎండను వడగట్టి తీసేవారు. కాబట్టి గుడ్డ కొత్తది కాదు. స్టూడియోలో విద్యుద్దీపాలతో, ఒక నిర్దిష్టమైన ఇంటి పగటి వెలుగును మళ్లీ నిర్మించడానికి, దీపాలన్నిటినీ గుడ్డ మీదికి తిప్పి కథాచిత్రంలోని ముఖ్యమైన దృశ్యాలను ఒక పద్ధతి ప్రకారం తీయడం మాత్రం మిత్రకు ముందు అంత స్పష్టంగా ఎక్కడా కనిపించదు. ఫ్రాన్సులో ఛాయాగ్రాహకుడు రావుల్ కుతార్ గది కప్పు మీదికి దీపాలు తిప్పి తీసిన దర్శకుడు గొదార్ చిత్రాలు 1960 ప్రాంతానివి. స్వీడన్‌లో దర్శకుడు బెర్గ్‌మన్‌తో కలిసి ఛాయాగ్రాహకుడు స్వెన్ నీక్విస్ట్ మెత్తని, నీడలేని వెలుగు కోసం చేసిన ప్రసిద్ధమైన కృషి కూడా 1960ల మొదటి సంవత్సరాలదే. ఆ పద్ధతి గురించి నీక్విస్ట్ ఒక అమెరికన్ పత్రికలో రాసినది చదివినప్పుడు, తామూ మిత్రా అప్పటికి ఎన్నో ఏళ్లుగా అదే చేస్తున్నామని రాయ్ చెప్పుకున్నారు. వారిలో ఎవరూ మరొకరిని చూసి నేర్చుకున్నట్టు కనబడదు. నిజమైన చోటులాంటి వెలుగు కావాలని పట్టుబట్టిన ప్రతి ఒక్కరూ వేరువేరుగా అక్కడికే చేరారు. వారిలో మిత్ర ముందున్నారు, అదీ అందరికంటే తక్కువ వనరులతో. ఆయన గౌరవానికి ఆ మాట చాలునని నా నమ్మకం.

ఇక బార్ట్లీ. ఆయన పనిని కృత్రిమమని తీసిపారేసేవారితో నేను ఏ మాత్రం ఏకీభవించను. 'స్వర్గసీమ', 'గుణసుందరి కథ', 'షావుకారు', 'పాతాళ భైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్', 'గుండమ్మ కథ' అన్నీ ఆయన కెమెరా నుంచి వచ్చినవే. వాహినీ, విజయా సంస్థల చిత్రాలు అంటే తెలుగువారి మనసులో మెదిలే రూపానికి సగం కారణం ఆయనే. 'మాయాబజార్'లో ఆయనకిచ్చిన పని ఏమిటో చూడండి. శశిరేఖా అభిమన్యులు పడవలో వెళుతుంటే ఆకాశమూ నీరూ కలిసి వెన్నెలగా మారాలి. 'లాహిరి లాహిరి' పాటలో ఎన్నూరు దగ్గర ఆరుబయట తీసిన భాగం కొద్ది సెకన్లే. మిగిలిన వెన్నెల అంతా స్టూడియోలో దీపాలతో పుట్టించినది. ఆ వెన్నెలకు కొలత పెట్టవలసింది ఏ ఊరి రాత్రితోనూ కాదు, ప్రేమలో ఉన్నవారికి రాత్రి ఎలా కనిపిస్తుందన్నదే అక్కడ కొలత. నీటి మీద తళుకు పదునుగా ఉండాలి, సావిత్రి గారి ముఖం మీద వెలుగు నిలకడగా ఉండాలి, వెనుక చీకటి నల్లగా మూసుకుపోకుండా వెండిరంగులో ఊపిరి పీల్చాలి. మిత్ర గుడ్డ కింద ఈ పాట తీస్తే అది మబ్బు పట్టిన సాయంత్రంలా ఉండేది. కళాదర్శకులు గోఖలే, కళాధర్ వేసిన ఆ ద్వారక, ఆ మాయానగరం మనల్ని నమ్మించడానికి కారణం బార్ట్లీ వాటిని నిజమైన ఊళ్లలా తీయకపోవడమే. అన్నీ ఒకే మాయకు చెందినవిగా, ఒకే మెరుపుతో ఆయన తీశారు.

మూర్తి గారిది మరో దారి. మైసూరులో పుట్టి బొంబాయి చేరిన ఆయన పదునైన వెలుగును కొలిచి కొలిచి వాడారు, చీకటిని ధారాళంగా వదిలేశారు. 'కాగజ్ కే ఫూల్' (1959) మన దేశంలో మొదటి సినిమాస్కోప్ (వెడల్పు తెర) చిత్రం. అందులో 'వక్త్ నే కియా' పాటలో ఖాళీ స్టూడియోలోకి పైనుంచి దిగే ఆ వెలుగు స్తంభం దీపం నుంచి వచ్చింది కాదు. బయటి ఎండను పెద్ద అద్దాలతో పట్టి, ఒకదాని నుంచి మరొకదానికి తిప్పి, లోపలికి పంపిన వెలుగు అది. ఆలోచిస్తే ఇదీ ఒక రకం బౌన్స్ లైటింగే, కాకపోతే సరిగ్గా వ్యతిరేకమైన ఉద్దేశంతో చేసినది. గుడ్డ వెలుగును చెదరగొడితే అద్దం దాని పదును చెడకుండా మోసుకొస్తుంది. 2008 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకొని, ఆ గౌరవం పొందిన మొదటి ఛాయాగ్రాహకుడిగా ఆయన నిలిచారు.

కాబట్టి ముగ్గురిలో ఎవరు సహజం, ఎవరు కృత్రిమం అనే కంటే, ఎవరికి ఎలాంటి కథ దొరికింది, ఆ కథలో వెలుగు ఎక్కడి నుంచి రావాలని వారు నిర్ణయించుకున్నారు అని చూడటం మీ చదువుకు ఎక్కువ ఉపయోగపడుతుంది. పద్ధతిలో కొత్త దారి తెరిచినవారు మాత్రం వీరిలో మిత్రేనని నేనూ ఒప్పుకుంటాను. ఈ రోజు ప్రపంచంలో ఎక్కువ సినిమాలు ఆయన దారిలోనే వెలుగుతున్నాయి.

ప్రశ్న అడిగినవారి నుంచి

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. అద్దం, గుడ్డ పోలికతో నాకు చాలా విషయాలు ఒక్కసారిగా తేటపడ్డాయి. మరో రెండు సంగతులు అడగాలని ఉంది. సుబ్రత మిత్ర ఎవరి దగ్గరా సహాయకుడిగా పనిచేయకుండానే 'పథేర్ పాంచాలి' తీశారంటారు, అది ఎలా సాధ్యమైంది? అలాగే 1966 తరువాత రాయ్ చిత్రాలలో ఆయన పేరు ఎందుకు కనిపించదు? అంతటి నిపుణుడు మొత్తం మీద ఇన్ని తక్కువ చిత్రాలు చేయడం నాకు బాధగా అనిపిస్తోంది.

మూడవ సమాధానం

ఈ రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబు రాస్తాను. ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా కదిలించే భాగం కూడా ఇదే.

సుబ్రత మిత్ర 1930 అక్టోబరు 12న పుట్టారు. ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వార్ 'ది రివర్' చిత్రం తీయడానికి బెంగాల్ వచ్చినప్పుడు మిత్ర ఇంకా కళాశాల విద్యార్థి. ఆ బృందంలో ఏదో ఒక పని ఇమ్మని అడిగి, పని దొరకక, చివరకు దూరంగా కూర్చుని చూడటానికి మాత్రం అనుమతి పొందారు. ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడు దర్శకుడి అన్న కొడుకు క్లోద్ రెన్వార్. ప్రతిరోజూ ఏ దీపం ఎక్కడ పెట్టారు, నటులు ఎటు నుంచి ఎటు నడిచారు, కెమెరా ఎక్కడ ఉంది అనే వివరాలను మిత్ర బొమ్మలు గీసి రాసుకునేవారు. కొంతకాలానికి వెలుగు కొనసాగింపు సరిచూసుకోవడానికి క్లోద్ రెన్వార్ స్వయంగా ఆ నోటు పుస్తకాన్ని అడిగి చూసే పరిస్థితి వచ్చింది. ఆ షూటింగు దగ్గరే సెలవు రోజులలో వచ్చే సత్యజిత్ రాయ్‌తో, కళావిభాగంలో పనిచేస్తున్న బన్సీ చంద్రగుప్తాతో ఆయనకు స్నేహం కుదిరింది. తరువాతి దశాబ్దంన్నర పాటు మన సినిమా చరిత్రను మలిచిన ముగ్గురూ అలా ఒక పరాయి చిత్రం అంచున నిలబడి కలుసుకున్నారు.

1952 అక్టోబరులో రెల్లుపూల పొలంలో 'పథేర్ పాంచాలి' మొదటి షాట్లు తీసేనాటికి ఆయన వయసు ఇరవై రెండు. అంతకు ముందు చలనచిత్ర కెమెరాతో ఒక్క చిత్రమైనా తీసిన అనుభవం లేదు. మిత్ర ఎవరి దగ్గరా సహాయకుడిగా లేరన్నది నిజమే, కానీ అంత శ్రద్ధగా చూసినవాడిని శిక్షణ లేనివాడని ఎలా అనగలం? స్టూడియోలో సంవత్సరాల తరబడి పనిచేసి ఉంటే, దీపాన్ని నటుడి మీదికి గురిపెట్టడమే సరైన పద్ధతి అని ఆయన చేతులకు అలవాటై ఉండేది. ఆ అలవాటు లేకపోవడమే 'అపరాజితో' సెట్టులో ఆయనను కాపాడిందని నా నమ్మకం. మరొక సంగతి కూడా చెప్పాలి. ఆయన సితార్ వాయించేవారు. 'పథేర్ పాంచాలి'కి రవిశంకర్ సంగీతం ఇచ్చి వెళ్లిపోయాక తక్కువపడిన చోట, మిఠాయిలమ్మేవాడి వెంట పిల్లలు నడిచే దృశ్యానికి సితార్ వాయించింది మిత్రే. ఆ దృశ్యాన్ని కెమెరాలో పట్టినదీ, దానికి నాదం సమకూర్చినదీ ఒకే మనిషి.

'అపూర్ సంసార్', 'జల్సాఘర్', 'దేవి', 'మహానగర్', 'చారులత' చిత్రాలలో ఆ పద్ధతి స్థిరపడింది. 'చారులత' (1964)లో ఇంటి లోపలి భాగమంతా సెట్టు. ఒంటరి మధ్యాహ్నం కథానాయిక చారు ఒక కిటికీ నుంచి మరో కిటికీకి వెళుతూ వీధిలో నడిచేవారిని ఒపేరా అద్దాలతో చూసే తొలి దృశ్యంలో ఆ గదుల వెలుగు ఎంత నమ్మదగ్గదిగా ఉంటుందంటే, బయట నిజంగా మధ్యాహ్నం ఉందా అన్న ప్రశ్న మనకు తోచదు. తోటలో ఉయ్యాల దృశ్యంలో కెమెరాను ఆమెతో పాటే ఊగేలా అమర్చారు కనుక ముఖం కదలదు, లోకం ఊగుతుంది. రాయ్ మొదటి రంగుల చిత్రం 'కాంచన్‌జంఘా' (1962) పూర్తిగా డార్జిలింగ్‌లో, ఎండ, మబ్బు, పొగమంచు మారుతున్న కొద్దీ ఆ మార్పులనే కథలోకి తీసుకుంటూ తీసినది. ఆ చిత్రానికి తగినంత గుర్తింపు రాలేదని నేను ఎప్పుడూ అనుకుంటాను.

ఇక విడిపోవడం. ఒకే ఒక కారణం చెప్పడం కుదరదు. మధ్యలో కంటి జబ్బు వల్ల 1961 నాటి 'తీన్ కన్యా' ఆయన చేయలేకపోయారు. ఆయన సహాయకుడు సౌమేందు రాయ్ ఆ చిత్రాన్ని తీశారు, తరువాతి రోజులలో రాయ్‌కు శాశ్వత ఛాయాగ్రాహకుడయ్యారు. 'చారులత' నుంచి కెమెరాను రాయ్ స్వయంగా నడపడం మొదలుపెట్టారు. నటన తీరు కెమెరా కంటి నుంచి చూస్తేనే సరిగ్గా తెలుస్తుందన్నది ఆయన అభిప్రాయం. వెలుగునూ, చట్రాన్నీ, కదలికనూ ఒకే పనిగా భావించే ఛాయాగ్రాహకుడికి అది ఎలా అనిపించి ఉంటుందో ఊహించవచ్చు. పైగా మిత్ర తన పనిలో రాజీ పడని మనిషి. తనకు సంతృప్తి కలిగేదాకా వెలుగు దిద్దుతారు, ఆలస్యమైనా లెక్కచేయరు. తక్కువ డబ్బుతో, తక్కువ రోజులలో చిత్రం పూర్తి చేయవలసిన దర్శకుడికి అది భారమే. 'నాయక్' (1966)తో వారి జంట ముగిసింది. స్టూడియోలో కట్టిన రైలు పెట్టె, కిటికీల వెనుక తెర మీద పరుగెత్తే దృశ్యాలు, వాటికి తగ్గట్టు ప్రయాణికుల మీద నిలిపిన పగటి వెలుగు చూస్తే, చివరి చిత్రంలో కూడా ఆయన 'అపరాజితో' నాటి ప్రశ్ననే మరింత కఠినమైన చోట పరిష్కరించారని అర్థమవుతుంది.

రాయ్‌తో పనిచేస్తున్నప్పుడే జేమ్స్ ఐవరీ, ఇస్మాయిల్ మర్చంట్‌ల మొదటి కథాచిత్రం 'ది హౌస్‌హోల్డర్' (1963), తరువాత 'షేక్స్‌పియర్ వాలా' (1965) ఆయన తీశారు. విడిపోయాక వారికే 'ది గురు', 'బాంబే టాకీ' చేశారు. హిందీలో బాసు భట్టాచార్య 'తీస్రీ కసమ్' (1966) ఆయనదే. ఎడ్లబండి ప్రయాణంలో రాజ్ కపూర్, వహీదా రెహమాన్‌ల ముఖాల మీద పడే వెలుగును ఒకసారి శ్రద్ధగా చూడండి. అప్పటికే పెద్ద తారలైన ఇద్దరూ అక్కడ తారలుగా కనిపించరు. చాలా ఏళ్ల తరువాత 'న్యూ ఢిల్లీ టైమ్స్'కు జాతీయ ఉత్తమ ఛాయాగ్రాహకుడి పురస్కారం వచ్చింది, 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997 నుంచి, 2001 డిసెంబరులో కన్నుమూసే వరకు, కలకత్తాలోని సత్యజిత్ రాయ్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో విద్యార్థులకు పాఠాలు చెప్పారు. చిత్రాల సంఖ్య తక్కువని మీరు బాధపడ్డారు. ఆ బాధ నాకూ ఉంది. 1970 తరువాత ఆయనను వాడుకోలేకపోవడం మన సినిమా పోగొట్టుకున్న పెద్ద అవకాశం. అందుకు ఆయన పట్టుదలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదని కూడా అనుకుంటాను. అంత జాగ్రత్తగా పనిచేసేవారికి తగినంత వ్యవధి ఇవ్వగల వ్యవస్థ అప్పటికి మన దగ్గర లేదు.

నాలుగవ సమాధానం

పైవారు చెప్పినవాటికి ఒక్క ఆచరణయోగ్యమైన మాట చేర్చుతాను. మీరు ఏ ప్రతి చూస్తున్నారో దాన్ని బట్టి మీరు నేర్చుకునేది మారిపోతుంది.

అపు చిత్రాల అసలు నెగటివ్‌లు 1993లో లండన్‌లోని ఒక ల్యాబొరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఎన్నో సంవత్సరాల తరువాత, కాలిన రీళ్లలో కాపాడగలిగినంత కాపాడి, మిగిలిన భాగాలకు వేరే ప్రతులను వాడి, ఇటలీలోని బొలోన్యాలో పునరుద్ధరణ చేశారు. ఆ ప్రతులు 2015లో వచ్చాయి. అంతకు ముందు ఇంటర్నెట్‌లో తిరిగిన అరిగిపోయిన ప్రతులలో నలుపు పూర్తిగా మూసుకుపోయి, తెలుపు కాలిపోయి ఉంటుంది. మిత్ర పనితనమంతా ఆ రెండింటి నడుమ ఉన్న బూడిదరంగు మెట్లలోనే ఉంది కాబట్టి, ఆ ప్రతులలో చూసి బౌన్స్ లైటింగ్ గురించి ఏ నిర్ణయానికీ రాకూడదు. పునరుద్ధరించిన ప్రతిలో ముంగిలి దృశ్యాలు వచ్చినప్పుడు శబ్దం ఆపేసి మనుషుల పాదాల దగ్గర నేలను చూడండి. నీడ ఎంత లేతగా, ఎంత మెల్లగా కరుగుతుందో గమనించండి. తరువాత వెంటనే కాశీలో ఆరుబయట తీసిన సందు దృశ్యాన్ని చూసి, అక్కడి నేలతో పోల్చండి.

'మాయాబజార్' విషయంలోనూ ఇదే మాట. 2010లో రంగులద్దిన ప్రతి కొత్త తరానికి ఆ చిత్రాన్ని దగ్గర చేసింది, అందుకు సంతోషమే. బార్ట్లీ గారి లైటింగ్ నేర్చుకోవాలంటే మాత్రం నలుపు తెలుపు ప్రతినే చూడాలి. ఆయన చీర జరీనీ, కిరీటపు రాళ్లనూ, నీటి తళుకునూ వేరు చేసింది రంగుతో కాదు, వెలుగు మెట్లతో. రంగు అద్దినప్పుడు ఆ మెట్లు కొన్ని ఒకదానిలో మరొకటి కలిసిపోతాయి. రెండు ప్రతులలోనూ 'లాహిరి లాహిరి' పాటను వెంటవెంటనే చూస్తే, ముఖ్యంగా నీటి మీద, ఆ తేడా మీ కంటికే తెలుస్తుంది.